టెంటు మామ్మ చెప్పిన ఊళ్ళు

పోయిన నెలలో ఒక ఆదివారం, మాస్టర్స్ చదవడానికి గుంటూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు రూము చూసుకోవాలంటే నా కారులో తీసుకెళ్ళాను. ఇంగ్లండులో మా లీడ్స్ ఊరి చివర, మోటర్‌వే పక్కన, ఆన్‌లైన్‌లో కొన్న సరుకులు పంపే గోదాము ఒకటి కొన్నేళ్ళ కిందట కట్టారు. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో అక్కడ గొర్రెలు మేసే పొలం తప్ప ఏమీ లేదు. ఇప్పుడు వరసగా ఇటుక ఇళ్ళు, సర్జరీ అని పిలిచే డాక్టరు క్లినిక్ ఒకటి, రెండు టేక్‌అవేలు. ఒక ఇంటి కిటికీలో 'ఇడ్లీ, దోసె పిండి దొరుకును' అని తెలుగులో రాసిన అట్ట కూడా ఉంది.

"ఇక్కడ దొరికితే గోదాములో షిఫ్టుకి నడిచే ఎల్లిపోవచ్చు ఆంటీ. బస్సు కోసం చూడక్కర్లా. గోదాము వచ్చినాకే అంట ఇదంతా లేచింది," అన్నాడు కుర్రాడు.

అతను రూము చూసి వచ్చేదాకా నేను కారులోనే కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా వినని ఒక ముసలి గొంతు చెవిలో పలికింది. "షాపు నడవదు పిల్లా. ఊరే దాని దగ్గరికి నడిచొస్తుంది." ఆ మాట చెప్పినావిడ కెనడా ఉత్తరాన మంచు అడవుల్లో పుట్టింది. నేను ఆవిణ్ణి చూసింది మాత్రం ఈ దేశంలోనే, మా పెరటి గోడ అవతల.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. స్కాట్లాండుకి ఇంకా ఉత్తరాన, పడవెక్కి వెళ్ళాల్సిన ఒక చిన్న దీవిలో మా నాన్న జీపీ, అంటే అన్ని జబ్బులూ చూసే ఊరి డాక్టరు. కోనసీమలో పుట్టి, కాకినాడలో డాక్టరీ చదివి, గ్లాస్గోలో కొన్నాళ్ళు చేసి, ఎవరూ రామన్న ఆ ఉద్యోగానికి సరేనన్నారు. దీవి మొత్తానికి ఒకటే సర్జరీ. దాని వెనక భాగమే మా ఇల్లు.

ఆ దీవిలో చెట్టన్నదే లేదు. గాలి నిలవనివ్వదనేవారు. పచ్చగడ్డి, రాతిగోడలు, ఆవులు, ఆపైన ఎటు చూసినా సముద్రం. ఏ ఇంట్లోకి వెళ్ళినా పీట్ కాలుతున్న వాసన వచ్చేది. పీట్ అంటే నేలలోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టే నల్లమట్టి. మా ఇంట్లో మాత్రం ఆ వాసన మీద ఇంగువ వాసన. కందిపప్పు గ్లాస్గో నుంచి పార్సిల్లో వచ్చేది. సముద్రం బాగోక పడవ రాకపోతే ఆ వారం పప్పు లేదు.

అమ్మకి రెండో కాన్పని అమ్మమ్మ ఏప్రిల్లో వచ్చింది. అంతకుముందు రాజమండ్రి దాటి ఎరగని మనిషి. విమానం, రైలు, మళ్ళీ పడవ ఎక్కి దిగి, ఒడ్డున నిలబడి చుట్టూ చూసి, "ఒక్క కొబ్బరిచెట్టయినా లేదేవిటే. ఈళ్ళకి నీడెలాగ?" అంది. మే నెల వచ్చేసరికి ఆవిడకి ఇంకో చిక్కొచ్చింది. పొద్దు గూకదు. రాత్రి భోజనాలయ్యాక కూడా కిటికీలోంచి ఎండ పడుతుంటే, సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో తెలియక చీరచెంగు నడుముకి దోపుకుని గుమ్మంలో నిలబడేది. చివరికి నాన్న సర్జరీ తలుపు మూసిన చప్పుడే సంధ్యవేళ అని తీర్మానించుకుంది.

తమ్ముడు పుట్టిన వారంలోనే పక్కింటావిడ పెరట్లో టెంటు వేసింది.

పక్కిల్లు ఒంటరి ఇల్లు. రాతిగోడలు, పలకల కప్పు. అందులో ఒక్క ముసలావిడ ఉండేది. మొహం నిండా సన్నటి ముడతలు, వీపు మీద తెల్లటి జడ. ఆవిడ భర్త ఈ దీవివాడే. కుర్రతనంలో ఓడెక్కి కెనడా ఉత్తరానికి పోయి, అక్కడ తోళ్ళ వ్యాపారం చేసే ఒక కంపెనీ కొట్లో గుమాస్తాగా చేరి, క్రీ అనే ఆదివాసుల పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. రిటైరయ్యాక ఆవిణ్ణి వెంటబెట్టుకుని పుట్టిన ఊరొచ్చాడు. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఊళ్ళోవాళ్ళు ఆవిణ్ణి మర్యాదగానే పలకరించేవాళ్ళు, కానీ ఎవరూ కూర్చుని మాట్లాడేవాళ్ళు కాదు.

పొద్దున్నే వంటింటి కిటికీలోంచి చూసిన అమ్మమ్మ నన్ను పిలిచింది.

"అమ్మడూ, ఇటురా. ఇల్లుండగా ఆవిడకి గుడారమేవిటే? ఎవరైనా ఇంట్లోంచి గెంటేశారా?"

అమ్మ పడకలోంచే జవాబు చెప్పింది. "ప్రతి ఏడూ అంతేనమ్మా. ఎండాకాలమంతా అందులోనే ఉంటుంది. చలికి మళ్ళీ ఇంట్లోకొస్తుంది. మనకెందుకు."

మనకెందుకు అన్న మాట అమ్మమ్మకి ఎక్కలేదు, నాకూ ఎక్కలేదు. ఆ సాయంత్రం నేను గోడెక్కి దూకాను. సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన వాసాలు గుండ్రంగా పాతి, పైన కొసలు కలిపి కట్టి, చుట్టూ మాసిన కాన్వాసు చుట్టి ఉంది. కొసలు కలిసిన చోట సందులోంచి పొగ పోతోంది. లోపలినుంచి సన్నగా పాట వినబడుతోంది. నేను వెనక్కి వెళ్ళి, ఏమవుతుందో చూద్దామని ఒక మేకు పట్టుకుని ఊపి ఊపి పీకేశాను. ఆ పక్క కాన్వాసు వదులై గాలికి టపటపా కొట్టుకుంది.

పాట ఆగింది. ఆవిడ మెల్లిగా బయటికొచ్చి, నన్నూ నా చేతిలో మేకునీ చూసింది. తిట్టలేదు. లోపలికెళ్ళి సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టి, నేలలో చిల్లు చూపించింది. నేను కొట్టాను. వంకరగా దిగింది. పీకించి మళ్ళీ కొట్టించింది. మూడోసారికి ఆవిడకి నచ్చింది. అప్పుడు కాన్వాసు తలుపు ఎత్తి పట్టుకుంది, రమ్మన్నట్టు.

లోపల ఎలా ఉందో ఇవాళ్టికీ కళ్ళకి కట్టినట్టుంది. ఎండ కాన్వాసులోంచి వడగట్టుకుని తేనెరంగులో నిండి ఉంది. నేలంతా ఊదాపూల హెదర్ రెమ్మలు ఒకే వాలులో పరిచి, చాపకన్నా మెత్తగా. నడుమ రాళ్ళ పొయ్యి. పైన వాసానికి చేపలు వేలాడుతున్నాయి, పొగకి రంగు తిరిగి బంగారంలా. బయట అంత గాలి వీస్తుంటే లోపల బూడిద కూడా కదలడం లేదు. దేవుడి గదిలో లాగా నేను చేతులు దగ్గరికి పెట్టుకుని నిలబడిపోయాను. ఆవిడ పెనం మీద కాలుతున్న మందపాటి రొట్టె విరిచి, సగం నాకిచ్చింది.

నన్ను వెతుక్కుంటూ అమ్మమ్మ గోడ దగ్గరికొచ్చి కేకేసింది. ఆవిడ తల బయటపెట్టి, మిగతా సగం రొట్టె అమ్మమ్మకి చూపించింది. గోడ దూకలేక, చుట్టూ తిరిగి గేటులోంచి వచ్చింది అమ్మమ్మ.

"కొవ్వేం వేసిందో అడుగు ముందు," అంది నాతో.

అడిగాను. పందికొవ్వట. అమ్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ముసలావిడ ఏమీ అనుకోలేదు. మళ్ళీ పిండి కలిపి, ఇంట్లోంచి వెన్న తెచ్చి, ఇంకో రొట్టె కాల్చింది. అమ్మమ్మ తిని, "మన దిబ్బరొట్టెకి చెల్లెల్లా ఉందే," అంది.

ఆ రోజు నుంచి రోజూ అమ్మకి బాలింత పథ్యం పెట్టడం అయిపోగానే మేమిద్దరం టెంటులోనే. నేను ఆవిణ్ణి టెంటు మామ్మ అన్నాను. అర్థం చెబితే ఆవిడ నవ్వి ఒప్పుకుంది. వాళ్ళిద్దరికీ మధ్య నేను దుబాసీని. నా తెలుగు అంతంతమాత్రం, మామ్మ ఇంగ్లీషు ఆ దీవివాళ్ళ యాసలో ఉండేది. అయినా నడిచింది. చాలాసార్లు నేను నోరు విప్పకముందే ఇద్దరూ తలలూపేవాళ్ళు. అమ్మమ్మ హ్యాడక్ చేపతో పులుసు పెట్టి పట్టుకెళ్ళింది. మామ్మ తాగి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, గిన్నె దాచుకుంది. మర్నాడు చల్లారిన పులుసే ఇంకా బాగుందని చెప్పమంది. "ఈవిడకి తెలుసే పులుసు సంగతి," అని అమ్మమ్మ ఎంత పొంగిపోయిందో.

ఒక మధ్యాహ్నం నేను అడిగాను, మామ్మా మీ ఊరేది అని.

ఆవిడ పొయ్యిలోంచి బూడిద ఒక పలక మీదికి లాగి, వేలితో పెద్ద సున్నా గీసింది. "ఇది," అంది.

ఇందులో ఎక్కడ అన్నాను.

"ఈ గీతంతా."

చలికాలం అడవి లోపలట. రెండు మూడు టెంట్లే కలిసి ఉంటాయట, ఒకే చోట అంతకు మించి మనుషులుంటే జంతువులు మిగలవు. మంచు కరిగే వేళకి సముద్రం పక్క చిత్తడి నేలకి, బాతుల కోసం. ఎండలొచ్చాక ఏరు సముద్రంలో కలిసే ఏటి ముఖం దగ్గరికి. అక్కడ అందరి టెంట్లూ కలుస్తాయి. పెళ్ళిళ్ళు, తగువులు, పాటలు, ఏడాదికి సరిపడా కబుర్లు. ఆకు రంగు మారగానే మళ్ళీ ఎవరి దారి వాళ్ళది. ఆవిడ వేలు ఆ సున్నా చుట్టూ నెమ్మదిగా తిరుగుతుంటే, పిల్లలు, కుక్కలు, చుట్టిన టెంట్లు అన్నీ ఆ బూడిదలో నడుస్తున్నట్టే నాకనిపించింది. ఒక దేశమంత దూరం ఏటేటా నడిచి, మళ్ళీ అదే రాయి దగ్గరికి చేరుకునేవాళ్ళట. నేను అప్పటిదాకా బడికి నడవడమే గొప్పనుకునేదాన్ని.

తరవాత ఏటి ముఖం దగ్గర ఒక గింజంత బూడిద కుప్ప పెట్టింది. "ఇది షాపు. కంపెనీది."

నేను తెలుగులో చెప్పగానే అమ్మమ్మ నిటారుగా కూర్చుంది. "కుంపిణీవాళ్ళా? అంత దూరం వాళ్ళేనా?"

మామ్మ అమ్మమ్మ మొహం చూసి, ఏమనుకుందో, ఆ కుప్పని వేలితో ఇంకొంచెం పెద్దది చేసింది.

మొదట్లో ఎండాకాలం ఒక్కసారి వెళ్ళేవాళ్ళట. బొచ్చుతోళ్ళు ఇచ్చి కెటిల్, సూదులు, గుడ్డ, టీ, పిండి తెచ్చుకునేవాళ్ళు. కంపెనీకి ఇంకా తోళ్ళు కావాలి. తోళ్ళ కోసం మగవాళ్ళు బోనులు పెట్టిన దారుల్లోనే చలికాలమంతా తిరగాలి. పిండి షాపులో ఉంటుంది కాబట్టి ముసలివాళ్ళని అక్కడే ఉండమన్నారు. ఇంకో ఏడు చంటిపిల్లల తల్లులు ఆగారు. ఆ తరవాత ఎవరో దుంగలతో ఇల్లు కట్టాడు. "ఇంటిని మడిచి బండి మీద వెయ్యలేం కదా," అంది మామ్మ. ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. చర్చి. బడి. ఆవిడ వేళ్ళు సున్నాలోని బూడిదంతా ఊడ్చి ఆ కుప్ప దగ్గరికే చేర్చాయి. చివరికి పలక మీద గీత లేదు, కుప్ప ఒక్కటే ఉంది.

"షాపు నడవదు పిల్లా. ఊరే దాని దగ్గరికి నడిచొస్తుంది."

అమ్మమ్మ ఆ పలక వైపు ఇంకొంచెం జరిగింది. తరవాత తనూ చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ తాతల కాలంలో వాళ్ళ ఊరు కాలవకి దూరంగా, మెరక మీద ఉండేదట. కాలవ తవ్వి లాకులు కట్టాక, తాళ్ళతో లాగే ధాన్యం పడవలు అక్కడ ఆగేవి. పడవ ఆగినచోట కాఫీ కొట్టు పడింది, కొట్టు పక్కన మిల్లు, మిల్లు పక్కన ఇళ్ళు. ఊరు ఊరంతా లాకుల దగ్గరికి జరిగిపోయింది. మళ్ళీ రోడ్డు పడి బస్సులొచ్చాక, పడవలు ఆగిపోయి, ఊరు రోడ్డు మీదకి జరిగింది.

"పాతూళ్ళో ఇప్పుడు గేదెలు మేస్తన్నాయని చెప్పు. మా అమ్మ కాపరానికొచ్చిన ఇంటి చోటు కూడా నాకు తెలీదని చెప్పు."

చెప్పాను. మామ్మ కెటిల్లోంచి నల్లటి టీ పోసి, చక్కెర మూడు చెంచాలు కలిపి, అమ్మమ్మ చేతిలో పెట్టింది. ఆ చక్కెర కూడా షాపు అలవాటేనంది.

సెప్టెంబర్లో పెద్ద గాలి వచ్చింది. పలకల కప్పులు లేచిపోయేంత గాలి. తెల్లవారి చూస్తే టెంటు ఒక పక్క కూలిపోయి ఉంది. మామ్మ తడిసిన కాన్వాసు కప్పుకుని రాతిగోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నాన్న పరుగెత్తుకెళ్ళి ఇంట్లోకి తెచ్చారు. దెబ్బలేమీ లేవు. కానీ కబురు ఆమె భర్త మేనల్లుడికి చేరింది. దీవి అవతలి కొసన ఆవులు పెంచుకునే మనిషి. దీవుల బాగోగులు చూసే కౌన్సిల్ ఆఫీసు నుంచి ఒకావిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పడవ దాటితే పెద్ద పట్నంలో వృద్ధుల హోమ్ ఉంది, ఖాళీ ఉంది, ఆవిడకి మతి సరిగా లేదని డాక్టరుగారు ఒక మాట అంటే చాలు అన్నారు వాళ్ళు.

మా వంటింట్లోనే కూర్చున్నారు. మేనల్లుడు టోపీ చేతుల్లో తిప్పుతూ, "మా మావయ్య ఆమెని ఇక్కడికి తెచ్చాడు. ఆమెకేమైనా అయితే నేను ఊళ్ళో మొహం ఎలా చూపించను? మతి సరిగా ఉన్నవాళ్ళెవరైనా ఇల్లు వదిలి గుడ్డలో పడుకుంటారా?" అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెడ్డవాడు కాదు.

కౌన్సిల్ ఆవిడ కూడా మెత్తగానే మాట్లాడింది. హోమ్‌లో హీటింగ్ ఉంటుంది, తోడు ఉంటుంది అంది.

నాన్న వాళ్ళకి టీ పోశారు. అమ్మమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని తలుపు దగ్గరే నిలబడి, ఏవంటన్నారే అని నన్ను గిల్లుతోంది. నేను గుసగుసగా చెప్పాను. విని, నాన్న వైపు చూడకుండా, పిల్లాడి వీపు తడుతూ అంది. "అల్లుడుగారూ, ఆవిణ్ణి అడిగారా?"

నాన్న లేచారు. వాళ్ళని వంటింట్లోనే ఉండమని బయటికెళ్ళారు. వెనకే మేమూ.

మామ్మ అప్పటికే కూలిన వాసాలు సగం నిలబెట్టింది. నాన్న కోటుతోనే తడి హెదర్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆయన నేల మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. హోమ్‌కి ఎందుకు వెళ్ళరని అడిగారు. ఆవిడ పొయ్యిలో పీట్ సర్ది, ఊది, నిప్పు పట్టాక మొదలుపెట్టింది.

ఆవిడ నా ఈడుది అప్పుడు. ఆ ఏడు మంచుకి కంపెనీ ఓడ రాలేదు. షాపులో పిండి అయిపోయింది. అయినా జనం కదల్లేదు. ఓడ వస్తుంది, రేపొస్తుంది అన్నారు. చుట్టుపక్కల అడవిలో వేటన్నది మిగల్లేదు, అంతమంది ఒకేచోట ఉన్నారు కాబట్టి. వాళ్ళ అమ్మమ్మ ఒక పొద్దున్న టెంటు విప్పి చుట్టింది. వచ్చేవాళ్ళు రండి అంది. పాత దారిన లోపలికి పోతానంది. కొందరు వెనక నడిచారు. ఈవిడా నడిచింది. వాళ్ళమ్మ మాత్రం రాలేదు. చంటివాడితో మంచులో నడిచి రాలేనంది, ఓడ వస్తుందంది.

"మా అమ్మమ్మకి చూపు ఆనదు. ముందు నేను నడిచి, ఏమేం కనిపిస్తున్నాయో చెబుతుంటే, ఆవిడ ఎటో చెప్పేది. వంగిన కొండ అంటే ఎడమకి. రెండు ఏర్లు కలిసే చోటంటే ఆగమని. అలా పోయి పోయి జింకల మంద దగ్గరికి తీసుకెళ్ళింది. మేం బతికాం."

నేను అమ్మమ్మ చెవిలో చెబుతూనే ఉన్నాను.

"మంచు కరిగాక మళ్ళీ షాపు దగ్గరికొచ్చాం. మా తమ్ముడు లేడు. చర్చి వెనక చిన్న మట్టిదిబ్బ చూపించింది మా అమ్మ. ఓడ ఆ మరుసటి నెలలో వచ్చింది. మళ్ళీ పిండి, మళ్ళీ టీ. చలికాలం రాగానే అమ్మమ్మ టెంటు చుట్టింది. మా అమ్మ ఆ దిబ్బ వదిలి రానంది. ఆ తరవాత బతికున్నన్నాళ్ళూ అక్కణ్ణించి కదల్లేదు. పిండికి ఆగింది కాదు. అందరూ షాపు కోసం వచ్చారు. కానీ ఆగిపోయింది పాతిపెట్టుకున్న వాళ్ళ కోసం."

ఇది నేను అమ్మమ్మకి చెప్పలేకపోయాను. నాకు పదాలు లేవు. అమ్మమ్మ నన్ను అడగనూ లేదు. తమ్ముణ్ణి రెండో భుజానికి మార్చుకుంది.

మామ్మ గుట్ట మీద చర్చి వైపు గడ్డం ఎత్తి చూపింది. "మా ఆయన అక్కడున్నాడు. కాబట్టి ఈ దీవి వదలను. ఇక ఈ గుడ్డంటారా, ఇది నాది. ఏడాదికొకసారైనా ఇంట్లోంచి బయటికి నడవకపోతే నేనెవరో నాకు గుర్తుండదు. గోడ దాకానే నడుస్తాను. అంతకన్నా దూరం ఇప్పుడు కాళ్ళు మొయ్యవు."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత తెలుగులో అన్నారు, అమ్మమ్మతో. "మతికేం లోటు లేదండీ అత్తయ్యగారూ."

"అది నేను రొట్టె తిన్న రోజే చెప్పేదాన్ని," అంది అమ్మమ్మ. ఆ తరవాత నాతో, "ఆవిడతో చెప్పు. మేం పోయినవాళ్ళని ఏట్లో కలిపేస్తాం. మా ఆయన గోదాట్లో ఉన్నాడు. ఏ నీళ్ళు చూసినా ఆయనే అనుకుంటాను. అంచేత మాకు ఆగడానికి చోటంటూ ఉండదు, పోడానికి భయవూ ఉండదు అని చెప్పు."

ఎలా చెప్పానో నాకు తెలీదు. మామ్మ విని, ముందుకు వంగి, అమ్మమ్మ చీర అంచు గట్టిగా పట్టుకుంది.

నాన్న వంటింట్లోకి వెళ్ళి, ఆమె ఎక్కడికీ వెళ్ళనవసరం లేదని చెప్పారు. కౌన్సిల్ ఆవిడ అడిగినవాటికన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చారు. గాలి ఉన్న రాత్రుళ్ళు మామ్మ తన ఇంట్లో గానీ మా ఇంట్లో గానీ పడుకోవాలి. పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి. అమ్మ దానికొక రోటా వేసింది, ఎవరి వంతు ఎప్పుడో రాసి: మేము, మేనల్లుడు, చర్చి పాస్టరుగారి భార్య. మేనల్లుడు తలూపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ట్రాక్టరు మీద ఇనప మేకులు, కొత్త తాళ్ళు తెచ్చి, మామ్మ చెప్పినచోటల్లా దిగగొట్టాడు. ఒక మేకు వంకరగా దిగింది. పీకించి మళ్ళీ కొట్టించింది.

అక్టోబర్లో అమ్మమ్మ ప్రయాణం. చలి ముదరకముందే పంపించెయ్యాలని నాన్న టికెట్ తీశారు. వెళ్ళేముందు రోజు మామ్మ మమ్మల్ని రమ్మని, టెంటు బయట గోడవారన కూర్చోబెట్టింది. మాట్లాడొద్దని సైగ చేసింది. ఆకాశం శుభ్రంగా, లేత నీలంగా ఉంది. ముందు దూరంగా కుక్కలు మొరుగుతున్నట్టు వినబడింది. తరవాత కనిపించాయి. ఉత్తరాన సముద్రం మీదనుంచి, బారులు బారులుగా అడవిబాతులు. లెక్కపెట్టడం మొదలుపెట్టి వదిలేశాను. వాటి వెనక ఇంకా ఉన్నాయి. అవి మా మీదుగా దాటి పోతున్నాయి.

మామ్మ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పిలిచింది.

ఆ అరుపు మనిషిది కాదు. నా పక్కన కూర్చున్నావిడ గొంతులోంచి వచ్చిందని కళ్ళతో చూస్తూ కూడా నమ్మలేకపోయాను. పైన ఒక బాతు జవాబిచ్చింది. మామ్మ మళ్ళీ పిలిచింది. బారు విరిగింది. మొత్తం బారు, అంత పొడుగు బారు, గాల్లోనే ఒంగి వెనక్కి తిరిగింది. గుండ్రంగా తిరుగుతూ దిగొచ్చాయి, ఇంకా దిగొచ్చాయి. రెక్కల గాలి మా మొహాలకి తగిలింది. వాటి కాళ్ళ రంగు కనిపించింది. అమ్మమ్మ రెండు చేతులూ జోడించి, నోరు తెరుచుకుని, తల పూర్తిగా వెనక్కి వాల్చి చూస్తోంది. ఆవిడ బుగ్గల మీద నీళ్ళు. దేవుణ్ణి చూశానని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఆ క్షణమే గుర్తొస్తుంది.

మామ్మ చేతులు దించేసింది. పిలుపు ఆగగానే బాతులు రెండు చుట్లు తిరిగి, మళ్ళీ పైకి లేచి, బారు సర్దుకుని దక్షిణంగా వెళ్ళిపోయాయి.

"ఎందుకు ఆపేశావు మామ్మా?" అన్నాను.

"దించితే చంపాలి. మా నాన్న అందుకే పిలిచేవాడు. నాకిప్పుడు తినేవాళ్ళెవరూ లేరు," అంది. బాతులు పోయిన వైపు చూస్తూ, "షాపు మమ్మల్ని ఇలాగే పిలిచింది. మా భాషలోనే పిలిచింది," అంది.

అమ్మమ్మకి ఆ మాట తెలుగులో చెప్పాను. ఈసారి పదాలు దొరికాయి.

మర్నాడు పడవ దగ్గర ఇద్దరికీ నాతో పని పడలేదు. మామ్మ పొగచేపల పొట్లం ఇచ్చింది. అమ్మమ్మ తన ఉన్నిశాలువా తీసి ఆవిడకి కప్పింది. పడవ కదిలాక మామ్మ ఒడ్డు వెంట కొంచెం దూరం నడిచింది. రాళ్ళు అడ్డం వచ్చినచోట ఆగింది.

మరుసటి ఏడే మేమూ ఆ దీవి వదిలాం. నాన్నకి లీసెస్టర్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచి నా బతుకంతా ఉద్యోగం పిలిచిన వైపే జరిగింది. లీసెస్టర్, గ్లాస్గో, లీడ్స్. మా ఆయన వెంట కొన్నాళ్ళు, నా పని వెంట కొన్నాళ్ళు. ఎక్కడికి మారినా, మారడానికి కారణం ఒక్కటే ఉండేది. ఆకాశం చూసి ఇల్లు మార్చిన మనిషిని నేను ఆ తరవాత చూడలేదు.

టెంటు మామ్మ పోయిన సంగతి పాస్టరుగారి భార్య నాన్నకి ఫోన్లో చెప్పింది. మేం వచ్చేసిన రెండేళ్ళకి. చర్చి వెనక, భర్త పక్కనే పెట్టారట. ఆ ఆదివారం అమ్మ ఇండియాకి ట్రంకాల్ చేసింది. గంటలు గంటలు ఎదురుచూస్తే లైను కలిసింది. అమ్మ విషయం చెప్పి రిసీవరు నాకిచ్చింది. అవతల సముద్రం హోరు లాంటి చప్పుడు. ఆ హోరులోంచి అమ్మమ్మ గొంతు వచ్చింది.

"ఏ నెల్లో పోయిందే?"

"మే నెల అమ్మమ్మా."

"టెంటు వేసేసిందా అప్పటికి?"

నాన్నని అడిగాను. వేసిందట. అందులోనే పోయిందట, పొద్దున రోటా ప్రకారం మేనల్లుడు వెళ్ళి చూస్తే.

"వేసింది అమ్మమ్మా."

"అయితే బయల్దేరే ఉంది," అంది అమ్మమ్మ.